జడకు దారిచ్చిన కాయిల్

ఆ రోజుల్లో నాకు భయం తక్కువ, జుట్టు ఎక్కువ. రెండూ కలిసి నా మొదటి ఉద్యోగానికి ఎసరు పెట్టబోయాయి. చదువు కాగానే విశాఖలో ఎమ్మారై యంత్రాలకు హెడ్ కాయిల్స్ తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరాను. హెడ్ కాయిల్ అంటే మరేం లేదు, స్కానింగుకు పడుకున్న మనిషి తలకు తొడిగే గుల్ల. దాని లోపలి రాగి చుట్టలు మెదడు నుంచి వచ్చే సన్నటి సంకేతాలను వింటాయి. ఎంత దగ్గరుంటే అంత బాగా వింటాయి. కళ్ల ముందు దీపం వెలిగితే మెదడులో ఏ మూల మేలుకుంటుందో కూడా కనిపించాలని మా పంతం. అందుకే మా పెద్దాయన "ఒక్క మిల్లీమీటరు వదలడానికి వీల్లేదు" అని పొద్దస్తమానం అంటుండేవారు. మేం ఆయనకు మిల్లీమీటర్ సార్ అని పేరు పెట్టుకున్నాం (ఆయన లేనప్పుడే లెండి).

కొలతలన్నీ ఒక బోడి తల బొమ్మ మీద తీశారు. ఆ కొలతలతో చేసిన కాయిల్‌లో ఆఫీసు మగవాళ్లంతా హాయిగా పడుకుని లేచారు. నా వంతు వచ్చింది. కూర్మన్నపాలెం బస్సులో పక్క సీటు వాళ్ల ఒళ్లో పడే జడ నాది. దాంతో పడుకుంటే తల ఎత్తయి, ముక్కు వెళ్లి పై గుల్లకు అతుక్కుంది. విరబోసుకుని పడుకుంటే జుట్టంతా తల కింద ఇంకో దిండయింది. చివరికి ఇద్దరు పట్టుకుని నన్ను బయటకు లాగారు.

"ఆ జుట్టు కాస్త కత్తిరించుకోకూడదూ?" అన్నారు సార్.

"కత్తిరించాల్సింది కాయిల్ సార్. పొడుగు జుట్టు వాళ్లకు మెదడుండదా?"

"వెనక కోస్తే అక్కడి చుట్టలు పోతాయి. సిగ్నల్ ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

"పోవు సార్. పక్కకు జరుపుతాను."

అనడమైతే అన్నాను గానీ, ఎలా జరపాలో నాకప్పటికి తెలీదు. ఆ చుట్టల మధ్య పొందిక కొంచెం తప్పినా మెదడు మాట మానేసి ఒకదాని గోల ఒకటి వింటాయి. ఒకదాన్ని కదిపితే మిగతావన్నీ అలిగేవి. వాటిని బతిమాలుకుంటూనే, మూలన పడున్న పాత గుల్లకు వెనకవైపు మెడ దాకా గాడి కోసి, చుట్టల్ని దానికి అటూ ఇటూ సర్దేశాను (ఎవర్నీ అడగలేదు, అడిగితే వద్దంటారు). సార్ చూసి, "ఆసుపత్రి పరీక్షలో ఇది తప్పితే నువ్వు వేరే ఉద్యోగం చూసుకో" అన్నారు. "నెగ్గితే?" అన్నాను. ఆయన స్కేలు తీసి గాడి కొలవడం మొదలుపెట్టారు.

పరీక్షకు మా పిన్ని ఒప్పుకుంది. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది, కొబ్బరికాయంత ముడి. ఇనుము లోపలికి రాకూడదని నర్సు చెప్పగానే తలలోని పిన్నులు, మంగళసూత్రానికి వేలాడే పిన్నీసులు ఒక్కటొక్కటే తీసి, ముడిని నూలుదారంతో కట్టుకుంది.

"అమ్మా, ఆ ముడి కూడా విప్పేస్తే..." అన్నారు సార్.

"ఏటి బాబూ, నానిప్పను. మా గుంట నా ముడి కోసవే గదేటి ఆ గాడి ఎట్టింది!"

ముడి గాడిలో ఒదిగిపోయింది. ముక్కు ఎక్కడా తగల్లేదు. యంత్రం దడదడలాడగానే లోపల్నుంచి కేక: "ఒలే, ఏటే ఈ రొద! బోటింజను నయం!"

"పిన్నీ, మాట్లాడితే తల కదుల్తాది!"

"సర్లే, నోరు మూసుకుంతన్నాను. కానీ!"

మళ్లీ మొదలుపెట్టాం. ఆమె కళ్ల ముందు దీపం వెలిగి ఆరుతోంది. చూపుకు సంబంధించిన భాగం తల వెనకే ఉంటుంది, సరిగ్గా నా గాడి పక్కన. సార్ కావాలనే ఆ పరీక్ష పెట్టారు. నేను మాత్రం తల దించలేదు. లెక్కలన్నీ పూర్తయ్యాక తెర మీద పిన్ని మెదడు, దాని వెనక మడతల్లో చక్కటి వెలుగు! గాడి దగ్గర మసక కోసం సార్ వెతికారు. చాలాసేపు వెతికారు.

"అంచు గరుగ్గా ఉంది, నున్నగా చెయ్యి. ఇక ఇదే డిజైన్" అన్నారు.

"మెచ్చుకున్నట్టేనా సార్?"

"పని చూడు."

పిన్ని బయటకొచ్చి, "నా బుర్రలో ఏటుందే?" అంది.

"అంతా బానే ఉంది పిన్నీ."

"మరా మిసను అంత గోలెందుకు సేసింది?"

ఇప్పుడు నేనూ మీటింగుల్లో గొంతు తగ్గించి "ఆలోచిద్దాం" అంటుంటాను. అలా అన్నప్పుడల్లా అప్పటి నాలోని పెంకిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎదురుపడితే దానికి బుద్ధి చెప్పాలనిపించదు. పక్కన కుర్చీ వేసి, "నువ్వు మాట్లాడవే" అనాలనిపిస్తుంది.