జొన్నల గోదాం

కిష్టయ్యను చంపినప్పుడు అతని భార్య ద్రౌపది మగ్గం గుంటలో దాక్కుని ఉంది.

అది 1950 ఎండాకాలం. నల్లగొండ పల్లెల్లో పోరు ఇంకా ఆరలేదు. కమ్యూనిస్టు దళం మనుషులు ఆ ఇంట్లో జొన్న గటక తాగి పోయారని ఎవరో మోసుకుపోయి చెప్పారు. మూడోనాటి పొద్దున్నే రెండు లారీల్లో సిపాయిలు దిగారు. కిష్టయ్య భార్యను గుంటలోకి తోసి, పైన చాప కప్పి, చేతులు జోడించుకుని వాకిట్లోకి వెళ్ళాడు.

చాప సందులోంచి ద్రౌపదికి కాళ్ళు మాత్రమే కనిపించాయి. చుట్టూ బూట్లు, మధ్యలో భర్త ఉత్త కాళ్ళు. తుపాకీ మడమతో ఎముక మీద కొట్టే చప్పుడు నాలుగుసార్లు విన్నది. ఐదో దెబ్బకు ఆ కాళ్ళు వంగిపోయాయి. తర్వాత ఎవడో మగ్గం మీది పడుగును అడ్డంగా నరికి, కప్పుకు నిప్పు పెట్టాడు. మండుతున్న గడ్డి తన మీద పడితేగాని ఆమె పైకి రాలేదు. అప్పటికి వాకిట్లో భర్త తల ఆనవాలు పట్టేట్టు లేదు.

మగదిక్కు పోయిన ఆ ఊరి ఆడవాళ్ళు, ద్రౌపదితో కలిపి పదకొండు మంది, నడిచి, రైలెక్కి, సోలాపూర్ చేరారు. తాతల నాటి నుంచీ ఆ జిల్లాల పద్మశాలీలు అక్కడి మగ్గాల మీద బతుకుతున్నారు. కుమఠా నాకా దగ్గర బీడీలు చుట్టే సీతాబాయి వాళ్ళను తన వసారాలో దించుకుంది. ఇరవై మంది బీడీ ఆడవాళ్ళతో ఆమె ఒక మహిళా మండలి నడిపేది. మండలికి ఉన్నదల్లా ఆ వసారా, రెండు గంగాళాలు.

తిండి గింజలు మాత్రం మగవాళ్ళ చేతిలో ఉన్నాయి. కులపెద్దలు ఇలా వచ్చినవాళ్ళ కోసం సహాయ కమిటీ పెట్టి, జొన్నలు, బట్టలు పోగుచేసి, హోట్గి రోడ్ పక్క గోదాంలో వేశారు. ఇంటి మగవాడి పేరు చెబితేనే జొన్నలు. మగవాడు చచ్చిన ఇంటికి ఎవరి పేరు చెప్పాలో కమిటీ ఆలోచించలేదు. సీతాబాయి మూడుసార్లు పోయి కమిటీ పెద్ద రామచంద్రాన్ని అడిగింది.

"మామా, గోదాం మాకియ్యి. ఎవరింట్ల ఏం లేదో మాకెరుక."

"ఆడోళ్ళ చేతిల పెడితే పంచాయితీలైతయి సీతాబాయీ. రాజారాం ఉన్నడు గదా, అడుగు, ఇస్తడు."

రాజారాం గోదాం కాపలాదారు. తలుపు తాళం చావి వాడి మొలతాడుకే ఉండేది. మగదిక్కు లేనివాళ్ళను మిట్టమధ్యాహ్నం, ఒక్కొక్కరినే రమ్మనేవాడు.

సావిత్రికి ఇరవై రెండేళ్ళు. ద్రౌపదితోబాటు వచ్చిన విధవరాలు, రెండేళ్ళ పాప తల్లి. ఒకనాడు ఆమె కొంగులో జొన్నలు కట్టుకుని తిరిగి వచ్చింది. కింది పెదవి చీలి ఉంది. మెడ మీద పళ్ళ గాట్లు. జొన్నలు తిరగలి పక్కన పోసి, గంగాళం దగ్గర కూర్చుని, చీరతోనే నెత్తిన నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది. పాప ఏడుస్తున్నా చూడలేదు. నీళ్ళు అయిపోయినా ఉత్త చెంబు ముంచుతూనే ఉంది.

ద్రౌపది ఆ చెయ్యి పట్టి ఆపింది. "ఏమైందే?"

"తలుపేసిండక్కా."

అంతకు మించి ఆమె చెప్పలేదు. ద్రౌపది ఊళ్ళో నుంచి వచ్చాక ఎవరితోనూ గట్టిగా నాలుగు మాటలాడింది లేదు. లేచి, తునికాకు కత్తిరించే కత్తెర తీసుకుని వాకిలి దాటింది. సీతాబాయి అడ్డంగా నిలబడింది.

"ఒక్కదానివి పోకు. ఒక్కదాన్ని చేసే కదా వాడు మీద వడ్డది. జర ఠైరో, అందరం పోదాం."

ఇరవై మంది పోయారు. గోదాం ముందు రాజారాం, మరో ఇద్దరు ఉన్నారు. ద్రౌపది ఏమీ అడగలేదు. నేరుగా వెళ్ళి వాడి అంగీ పట్టుకుంది. వాడు సంచులు లాగే ఇనుప కొక్కెంతో కొట్టాడు. అది ఆమె కుడి అరచేతిలో దిగి అవతలికి వచ్చింది. ఆమె పట్టు వదలలేదు. ఎడమచేతి కత్తెరను వాడి తొడలో దించి, తీసి, మళ్ళీ దించింది. వాడు కూలబడ్డాక ఆడవాళ్ళు రాళ్ళతో, చెప్పులతో మీద పడ్డారు. వాడి మనిషి ఒకడు కర్ర తిప్పి కొడితే సీతాబాయి భుజం ఎముక పుటుక్కున విరిగింది. ఇంకొకామె నోట్లోంచి రెండు పళ్ళు రాలాయి. మగ్గాల నుంచి జనం పరుగెత్తుకొచ్చి విడదీసేసరికి గోదాం గడప నెత్తురుతో జారుతోంది.

రామచంద్రం వచ్చాడు. జనంలోంచి సావిత్రి పాపను చంకనేసుకుని ముందుకు వచ్చి, తడిచీరతోనే, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది.

"నిజమేనారా?" అని అడిగాడు రామచంద్రం.

రాజారాం తొడ పట్టుకుని మూలుగుతూ, "జొన్నలు కట్టుకపోయింది కదా మామా, ఊకెనే తీస్కపోయిందా?" అన్నాడు.

అక్కడున్న మగవాళ్ళు ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రామచంద్రం వంగి, వాడి మొలతాడు తెంపి, చావి తీసి సీతాబాయి ఎడమచేతిలో పెట్టాడు.

"తప్పయింది" అన్నాడు.

"మొన్న అడిగిననాడే ఇస్తే ఈ పిల్ల ఇట్ల కాకపోవు," అంది ద్రౌపది. ఆమె చెయ్యికి కట్టిన గుడ్డలోంచి నెత్తురు కారుతూనే ఉంది.

పోలీసులు రాజారాంతోబాటు ద్రౌపదినీ తీసుకుపోయారు. నాలుగు రోజులు లాకప్పులో ఉంది. బయటికి వచ్చేసరికి చెయ్యి చీము పట్టి మోచేతిదాకా ఉబ్బింది. ప్రాణం దక్కింది గాని మూడు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఇక మిగతా ఆడవాళ్ళలా బీడీలు చుట్టడం కుదరదు. మండలి ఆమెకు గోదాం అప్పగించింది.

ఆమె మొదట ఒక మూలన పడి ఉన్న పాతచీరల మూటలు విప్పించింది. నెలసరికి గుడ్డ లేక ఆడవాళ్ళు వసారా దాటడం లేదని ఆ కమిటీలో ఎవరికీ తట్టలేదు. నిండు చూలాళ్ళకు, కాళ్ళు విరిగినవాళ్ళకు జొన్నలు ఇంటికే మోయించింది. గోదాంలోకి ఎవరూ ఒంటరిగా రాకూడదని కట్టడి చేసింది. సావిత్రి ఆ వీధిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. ఆమె వంతు ద్రౌపదే భుజాన వేసుకుని తెచ్చి ఇచ్చేది.

మరుసటేడు పోరు ఆగింది. కొందరు ఊళ్ళకు తిరిగిపోయారు, ద్రౌపది పోలేదు. జొన్నలు అయిపోయాక గోదాం ఖాళీ చేశారు గాని మండలి నిలిచింది. మొగుడు తన్నితే, మగ్గాల సేటు తమ ఒంటి మీద చెయ్యి వేస్తే ఆడవాళ్ళు ఇప్పుడు అక్కడికే వచ్చేవారు. జైలు నుంచి వచ్చిన రాజారాం అశోక్ చౌక్‌లో పాన్ డబ్బా పెట్టాడు. ద్రౌపది ఆ దారినే పోయేది. వాడిని చూసిన ప్రతిసారీ కుడిచేతిని కొంగులో చుట్టుకునేది. అయినా దారి మార్చలేదు.