చెక్క మాకు, కాళ్ళు వాళ్ళకి

మామగారు చనిపోయిన ఆరు నెలలకి మా ఇల్లు రెండు వాటాలైంది. తూర్పు వాటా బావగారికి, పడమటి వాటా మాకు. మంచాలు, బిందెలు, బీరువా అన్నీ గొడవ లేకుండానే తేలిపోయాయి. ఆఖరికి వసారాలో ఉన్న ఆరడుగుల టేకు బల్ల ఒక్కటీ మిగిలింది. అది మాకంటే మాకని అన్నదమ్ములిద్దరూ పట్టుబట్టారు. మా ఆయన కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. తిరిగి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది, ఓపిక అయిపోయింది.

అప్పుడు మా తోడికోడలు గుమ్మంలో నిలబడి, "అయితే చెక్క మీరు పట్టుకుపొండి, కాళ్ళు మేం ఉంచుకుంటాం" అంది.

పంపకాలకి వచ్చిన పెద్దమనిషి వేళాకోళమనుకుని నవ్వాడు. మా ఆయన మాత్రం "అలాగే కానీండి" అని లోపలికెళ్ళి సుత్తి తెచ్చాడు. కాళ్ళు ఊడదీస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను. వద్దనలేదు. నాకూ కసిగానే ఉంది.

నాలుగేళ్ళు ఆ చెక్క మా వంటింటి వెనక గోడకి ఆనుకుని ఉండిపోయింది. వానకి తడిసింది, ఒక అంచు చెద పట్టింది. ఆవిడ ఆ నాలుగు కాళ్ళనీ తాడుతో కట్టి, మేం వస్తూ పోతూ చూసేలా వాళ్ళ వసారా గోడకి నిలబెట్టింది. వాటిని దేనికీ వాడలేదు.

నేను జాకెట్లు కుడతాను. నేల మీద కూర్చుని గుడ్డ కత్తిరించీ కత్తిరించీ మోకాళ్ళు పోయాయి. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక ఆ చెక్కని పెరట్లోకి ఈడ్చాను. చెదమట్టి దులిపి, పాత వార్నిష్‌ని గాజుపెంకుతో గీకాను. తర్వాత ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. మామగారి కిళ్ళీ సున్నం మరకలు ఒక పట్టాన వదల్లేదు. ఆ బల్ల దగ్గర కూర్చుని నేనెప్పుడూ అన్నం తిన్నది లేదు. మగవాళ్ళు తిని లేచాక తుడవడమే నా వంతు. అది గుర్తొచ్చి ఇంకా గట్టిగా గీకాను.

పంపకాలయ్యాక రెండు వాటాల మధ్య లేపిన పొట్టి ప్రహరీ అవతల నుంచి మా తోడికోడలు, కోళ్ళతో చెబుతున్నట్టు, "పొద్దస్తమానం ఆ గీకుడేవిటో, చెవులు చిల్లులు పడిపోతున్నాయి" అంది.

నేనూ మా కోళ్ళతోనే చెప్పాను. "కాళ్ళు దాచుకున్నవాళ్ళు వాటికి పూజ చేసుకోవచ్చు. మనం చప్పుడు కూడా చెయ్యకూడదంట."

వడ్రంగి వచ్చి చెద తిన్న అంచు కోసేసి, ఆ మేరకి వేరే ముక్క అతికి, మొత్తం చిత్రిక పట్టాడు. "చెక్క బంగారవండి. దీని కాళ్ళేవండి?" అన్నాడు. అటువైపు చూపించాను.

"ఆయ్, నేనడుగుతానుండండి" అని వెళ్ళాడు. ఎంతసేపో పట్టలేదు, తిరిగొచ్చాడు. "మీరొచ్చి అడిగితే ఇస్తారంటండి. ఒక్కమాట అడిగెయ్యండమ్మా, అచ్చంగా కుదిరిపోతాయి."

"నేనడగను. ఇటికలు పేర్చుకునైనా వాడుకుంటాను."

అమలాపురంలో పాత కలప అమ్మే కొట్టుకి వెళ్ళాం. అక్కడున్న బల్లకాళ్ళు సన్నం, మంచంకోళ్ళు పొట్టి. మా చెక్క బరువుకి ఏవీ ఆగవన్నాడు వడ్రంగి. వారం తర్వాత, అంతర్వేదిలో ఎవరో పాత పడవ విప్పేస్తున్నారని కబురు తెచ్చాడు. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. రేవులో పడవ సగం విప్పి ఉంది. వంపు లేని దుంగలు రెండు ఏరాడు వడ్రంగి. "ఉప్పునీళ్ళు తాగిన చెక్కండి, చెద దీని జోలికి రాదండి" అన్నాడు పడవాయన. వాటినే నాలుగు కాళ్ళుగా కోయించాను. నలుపలకలుగా, మేకుల చిల్లులతో, మొరటుగా ఉన్నాయి. బల్ల మాత్రం కదల్లేదు. మొదటిసారి నిలబడి జాకెట్టు గుడ్డ కత్తిరించిన రోజు, ప్రహరీ వైపు తలుపు కావాలనే బార్లా తీసి పెట్టాను.

మర్నాడు పొద్దున్న ఆవిడే వచ్చింది. పంపకాలయ్యాక మా గుమ్మం తొక్కడం అదే మొదలు. చంకలో ఆ నాలుగు కాళ్ళ కట్ట ఉంది.

"మీ బావగారు ఇచ్చెయ్యమన్నారే. తీసుకో" అంది రొప్పుతూ. బల్ల మీద చెయ్యి వేసి చూసింది. "నున్నగా వచ్చింది."

"మాకు అక్కర్లేదక్కా. మీరే ఉంచుకోండి."

పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని నేననలేదు. ఆవిడ కాసేపు నిలబడి, కట్టని రెండో చంకలోకి మార్చుకుని వెళ్ళిపోయింది. ఆ పూటంతా నాకు పండగలా ఉంది.

సాయంత్రం ఫోన్లో మా ఆయనకి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"బాగా బరువుంటాయే అవి. నాలుగూ వదిన ఒక్కతే మోసుకొచ్చిందా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను.