మేస్త్రికి రాసిన పొట్టి మాట

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన కుర్రాడికి నేల మీద కాళ్ళు ఆనేవి కావు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. డెబ్బైల నడుమ, ఒమాన్‌లో ఖురం దగ్గర ఒక కంపెనీ విల్లాలు కడుతున్న సైట్‌లో నేను టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అని రాసుకోవడమే నా డ్యూటీ. వయసు ఇరవై మూడు. ఆస్తి ఒక పెట్టె, రెండు ప్యాంట్లు, అట్టలేని ఒక పుస్తకం. వీసా కోసం బొంబాయిలో పడిగాపులు పడుతున్నప్పుడు ఫుట్‌పాత్ మీద కొన్నదది. ఒక్కో ఇంగ్లీషు మాటకీ అదే అర్థమిచ్చే మాటలన్నీ అందులో వరసగా ఉండేవి. 'గుడ్' అనే మాట దగ్గరైతే పేజీలు తిరగేస్తున్నా అయిపోయేది కాదు. మంచిది, మేలైనది, పనికొచ్చేది, చెల్లేది, రుచిగా ఉన్నది, బుద్ధిగా ఉన్నది, అన్నిటికీ ఆ ఒక్క మాటే. దానికి బదులు వాడదగ్గవి మళ్ళీ యాభై. శుక్రవారం సెలవునాడు రూమ్‌లో అందరూ బట్టలు ఉతుక్కుంటుంటే నేను మంచం మీద కూర్చుని అవి పైకి చదివేవాణ్ణి. (ఎవరూ అడగలేదు. అయినా చదివేవాణ్ణి.)

మా క్యాంపులో ఎక్కువమంది కరీంనగర్ వైపు వాళ్ళు. వాళ్ళకి పెద్దదిక్కు మేస్త్రి. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. అతను కట్టిన గోడ మీద ఎక్కడ తూకపు గుండు వేలాడదీసినా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. మా పైన ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఉండేవాడు. వాన పడని దేశంలో ఎప్పుడూ నల్లగొడుగు వేసుకుని తిరిగేవాడు కాబట్టి అందరం గొడుగు దొర అనేవాళ్ళం. ఆ దొర ఎవరినీ మెచ్చుకోడు. మేస్త్రి గోడ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, తలాడించి, ముందుకు పోయేవాడు.

నాకూ మేస్త్రికీ చెడింది ఒక దారం వల్ల. గోడ వరస వంకర పోకుండా ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి, దాని వెంబడి బ్లాకులు పేరుస్తారు కదా. ఒక పొద్దున నేను హాజరు పుస్తకం చూసుకుంటూ నడిచి ఆ దారానికి కాలు తగిలించాను. మేకు ఊడొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు. ఉన్నదనుకున్న చోటే మేకు మళ్ళీ కొట్టి, దారం కట్టేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి మూడు వరసలు లేచాయి. గోడ నిండు చూలాలిలా పొట్ట ముందుకు పెట్టుకుని నిలబడింది. గొడుగు దొర వచ్చి గొడుగు మడిచాడు. (ఆయన గొడుగు మడిచాడంటే కోపం వచ్చిందని గుర్తు.) మేస్త్రి దారం చివరికంటా నడిచి, మేకు దగ్గర వంగి చూసి, అందరి ముందూ నెమ్మదిగా అన్నాడు.

"ఇది మేస్త్రి ముడి గాదు. బూటు లేసు ముడి. మా దాంట్ల బూట్లేసుకునేటోడు ఎవడున్నడు?"

అందరి కళ్ళూ నా కాళ్ళ మీద పడ్డాయి. సైట్‌లో దొర కాక బూట్లున్నది నాకొక్కడికే. ఆ దొర కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి నేను 'బూటుముడి సారు'ని. వంటవాడు సహా అందరూ అలాగే పిలిచేవారు. నా పర్యాయపదాల గౌరవమంతా ఒక్క ముడితో ఊడిపోయింది.

నాలుగు నెలలకి విల్లాలు పూర్తయ్యాయి. కంపెనీ పని ముగిస్తోందనీ, వేరే చోట పని చూసుకున్నవాళ్ళు ఉండొచ్చనీ, లేనివాళ్ళకి టిక్కెట్టు ఇచ్చి ఇంటికి పంపుతామనీ చెప్పారు. సీబ్‌లో ఎయిర్‌పోర్టు దగ్గర ఇంకో కంపెనీ క్వార్టర్లు మొదలుపెడుతోందని తెలిసింది. పాత కంపెనీ సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళనే చూస్తారట. మేస్త్రి ఊళ్ళో బావి సగంలో ఆగి ఉంది. ఇంకో రెండేళ్ళు పని దొరక్కపోతే అది సగం బావిగానే ఉండిపోతుంది. ఆ మాట అతను చెప్పలేదు. అతనికి వచ్చే ఉత్తరాలు చదివిపెట్టేది నేనే కాబట్టి నాకు తెలుసు.

సర్టిఫికెట్లు టైపు కొట్టే పని నాకు అప్పజెప్పారు. గొడుగు దొర తాళాలు అప్పగించే హడావుడిలో చదవకుండా సంతకాలు పెట్టేస్తున్నాడు. ఇంకేం, నా పుస్తకం పెట్టెలోంచి బయటికొచ్చింది. మొదట వచ్చిన కూలీకి 'అతని పని కమెండబుల్' అని కొట్టాను. రెండోవాడికి 'అడ్మిరబుల్'. మావాళ్ళకి ఇంగ్లీషు చదవడం రాదు, కొలవడం వచ్చు. కాగితాలు పక్కపక్కన పెట్టి, వేలితో ఆ మాట పొడవు చూసి, ఎవరిది పొడుగైతే వాడు అంత మొనగాడని తేల్చేశారు. ఆ సాయంత్రం నుంచి నా గది ముందు జాతర. వంటవాడు నా పళ్ళెంలో రెండో చేపముక్క వేసి 'ఇర్రిప్రోచబుల్' పట్టుకెళ్ళాడు. నీళ్ళ ట్యాంకరుని రెండుసార్లు గుద్దిన మా హైదరాబాదు డ్రైవర్ భాయ్, "మేరేకు ట్రక్ ఇత్తా లంబా లఫ్జ్ హోనా మియా" అన్నాడు. లారీ అంత పొడుగు మాట కావాలట. అతని కోసం పుస్తకమంతా వెతికి 'అన్ఎక్సెప్షనబుల్' ఇచ్చాను, అంటే వేలెత్తి చూపడానికి ఏమీ లేనివాడని. అది పట్టుకుని అతను క్యాంపంతా తిరిగాడు.

చివర మేస్త్రి వచ్చాడు. చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నాకు గూడ రాయండ్రి సారూ" అన్నాడు. బూటుముడి మాట ఎత్తలేదు. కానీ నా చెవుల్లో అదే మోగుతోంది. పుస్తకం మూసేశాను. 'ఇతని పని గుడ్' అని కొట్టాను. ఇంగ్లీషులో నాలుగక్షరాలు, పక్కనే చుక్క. అతను వేలు పెట్టి చూశాడు. వేలి కొన కిందే మాట మొత్తం దాక్కుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మంచిది సారూ" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు చేపకూర సహించలేదు. అలాగని లేచి మళ్ళీ టైపు కొట్టిందీ లేదు.

మర్నాడు అందరం ఒకే లారీలో సీబ్ వెళ్ళాం. అక్కడి మేనేజరు బక్కపలచటి మలయాళీ. కాగితాల కట్ట ముందేసుకుని ఒక్కొక్కటే చదువుతుంటే ఆయన కనుబొమ్మలు పైకి పోతూ ఉన్నాయి. చివరికి తలెత్తి, మీ కంపెనీలో మామూలు మనుషులెవరూ లేరా అని హిందీలో అడిగాడు. వంటవాడి కాగితం చదివి, ఇంత నిష్కళంకుణ్ణి వంటింట్లో ఎందుకు పెట్టారన్నాడు. మాకు ముచ్చెమటలు పట్టాయి. కట్ట అడుగున మేస్త్రి కాగితం తగిలింది. అది రెండుసార్లు చదివి, "ఈ గుడ్ ఎవరు?" అన్నాడు.

మేస్త్రి ముందుకొచ్చాడు. ఆయన అతన్ని బయటికి తీసుకెళ్ళి, రెండు వరసలు కట్టమని, తన చేత్తోనే గుండు వేలాడదీసి చూసుకున్నాడు. తిరిగొచ్చి, ఇతనే ఇక్కడ పెద్ద మేస్త్రి, మిగతావాళ్ళలో ఎవరు పనికొస్తారో ఇతనే చెబుతాడన్నాడు. మేస్త్రి ఒక్కొక్కణ్ణీ వేలితో చూపించాడు. వేలు నా దగ్గరికొచ్చేసరికి నేను తలదించుకున్నాను.

"గీ సారును గూడ తీస్కోండ్రి. ముడెయ్యరాదు గని దస్తూరి మస్తుంటది."

మేనేజరు నా వైపు తిరిగి, ఈ సర్టిఫికెట్లు కొట్టింది నువ్వేనా, అతని ఒక్కడికీ ఇంత చిన్న మాట ఎందుకు రాశావని అడిగాడు. నిజం చెప్పే అవకాశం అంత స్పష్టంగా జీవితంలో ఎప్పుడోగానీ రాదు. నేను గొంతు సవరించుకుని, "నిజంగా మంచివాడికి ఒక్క మాట చాలు సార్" అన్నాను. ఆయన లేచి నా భుజం తట్టాడు. ఆ మాట క్యాంపంతా పాకింది. సారు ఎంత దూరం ఆలోచించి రాశాడో చూడండి అని అందరూ చెప్పుకున్నారు. బూటుముడి పేరు ఆ వారమే పోయింది. నేను నిజంగా పోగొట్టుకోవాల్సింది కొత్తగా వచ్చిన ఆ మంచిపేరని నాకు తెలుసు.

ఇరవై ఏళ్ళ తర్వాత పని మీద కరీంనగర్ వెళ్ళి మేస్త్రిని చూశాను. తల ముగ్గుబుట్టయింది. బావి ఎప్పుడో పూర్తయింది. ఆ నీళ్ళే తాగించాడు. ఇంటి పక్కన గది ఒకటి కడుతున్నాడు. పెట్టెలోంచి ఆ సర్టిఫికెట్ తెచ్చి, నా వల్లనే తను నిలబడ్డానని మొదలుపెట్టాడు. ఇక ఆగలేక అంతా చెప్పేశాను. కోపంతోనే అలా రాశాననీ, అతన్ని ఇంటికి పంపెయ్యాలనే చూశాననీ, మేనేజరుతో అన్నది ఉత్త కోతేననీ.

మేస్త్రి ఆశ్చర్యపోలేదు. "నాకు ఎరకే సారూ. పుస్తకం మూసినప్పుడే సమజైంది" అన్నాడు.

"తెలిసీ నాకు పనెందుకు ఇప్పించావు మేస్త్రీ?"

"నీ మనసుల ఏమున్నదో కాయితం మీదికి రాలే గద. రాసింది అబద్ధమా, చెప్పు?"

కాదన్నాను. ఆ కట్ట మొత్తంలో నేను రాసిన నిజం బహుశా అదొక్కటే.

"మరింకేంది" అంటూ కాగితం మడిచి పెట్టెలో పెట్టాడు. నేను సెలవు తీసుకుని, ఇరవై ఏళ్ళ బరువు దిగిన ఊపులో చకచకా గుమ్మం దాటాను. వెనక నుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"పైలం సారూ, దారం."

కిందికి చూశాను. కొత్త గోడ వెంబడి బిగించిన దారం నా మోకాలికి బెత్తెడు దూరంలో ఉంది. మేస్త్రి నవ్వు చూడకుండానే తెలిసింది. నా కాళ్ళకి ఆ రోజూ బూట్లే ఉన్నాయి. పొట్ట సహకరించకపోయినా, ఇరవై మూడేళ్ళ వయసులోని ఆ కుర్రాణ్ణి తల్చుకుని, ఒక్కొక్క కాలూ కొంగలా ఎత్తి దాటాను.