లారీ వచ్చింది, గడ్డి దిగలేదు

మా గొర్రెల పెంపకందార్ల సంఘంలో నిన్న కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్‌ను అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌తో కలిపారు. ఇక దళారుల దొంగలెక్కలు సాగవని కంపెనీ వాళ్లిచ్చిన కరపత్రాలు చదివి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సంఘం కొనుగోళ్లు చూసే నేనే.

వానల్లేక బీళ్లలో మేత లేదు. ఈ రోజు కణేకల్ నుంచి వరిగడ్డి లారీ వచ్చింది. గడ్డిని మేము మోపుల్లో కొంటాం కాబట్టి ఐదు వందల మోపులని ఆర్డర్ పెట్టి ఉన్నాను. కిలోలు తప్ప తెలియని అకౌంట్ల సాఫ్ట్‌వేర్ దాన్ని ఐదు వందల కిలోలుగా తీసుకుంది. కాటా మీద లారీ బరువు చూసి, ఆర్డర్‌కు మించిన సరుకంటూ గేటు పాస్ ఇవ్వలేదు. ఆర్డర్ మార్చబోతే మారనూ లేదు.

"దించండన్నా, జీవాలు పస్తుండాయి!" అని సంఘం మేనేజర్ మీద అరిచాను.

"పాస్ లేకుండా దించితే నా ఉద్యోగం పోతాదప్పా. నువ్వు పెడతావా నాకు కూడు?" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేస్తే సోమవారం చూస్తామన్నారు. డ్రైవర్ మధ్యాహ్నం దాకా ఆగి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పొద్దున్నుంచి గేటు దగ్గరే కూర్చున్న గొర్రెల కాపరి ఓబులేసు తాత లేచి, లారీ నుంచి రాలిన గడ్డిపోచల్ని తువ్వాల్లోకి ఏరుకోసాగాడు. నన్ను చూసి ఆగాడు.

"దీనికీ పాస్ కావల్లా నాయనా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను చదివిన ఆ కరపత్రాల్లో ఎక్కడా దీనికి జవాబు లేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. రేపు పొద్దున ఆయన మళ్లీ వస్తాడు.