దక్షిణపు కొండ మీది చుక్క

మా మ్యూజియంలో చిమ్మటలకు సూదులు గుచ్చే ఆవిడను అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, అదే కలరా ఉండల వాసన. బియ్యపు గింజంత చిమ్మటకు వెంట్రుకలాంటి సూది గుచ్చి, రెక్కలు పరిచి, అదే సూదికి కింద చీటీ దించుతుంది: ఎక్కడ దొరికింది, ఏ రోజున. "ఉన్నదే ఇంత, దీనికి మళ్లీ ఇంటిపేరొకటి!" అని నవ్వుతుంది.

ఆ చీటీలు చూసి ఏ జాతి ఎక్కడ బతుకుతుందో పటం మీద చుక్కలు పెట్టడం నా పని. ఈ చిమ్మటల్లో కొన్ని జాతులు అంతటా ఉంటాయి, కొన్ని ఒక్క లోయ దాటవు. బూడిద చారల జాతి మాత్రం ఉత్తరపు కొండ మీద ఉండేది. మళ్లీ ఎంతో దూరాన, దక్షిణపు కొండ మీద ఒకే ఒక్క చుక్క. అక్కడ అది తినే చెట్టే లేదు.

"ఆ చుక్క పెట్టేశావా అమ్మాయ్?" పెద్దమ్మ రోజూ అడిగేది.

మా పాపకు జ్వరం వచ్చిన రోజు ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఆవిడ సూది పక్కన పెట్టింది.

"నాకూ ఓ రోజు ఇలాగే అయింది తల్లీ. మావాడికి ఆరో నెల. ఈ ఖాళీ సొరుగులోనే పడుకోబెట్టేదాన్ని. గుక్కపట్టి ఏడిస్తే, చేతిలోని రెండు పెట్టెల చీటీలు కలిపి పడేసి పరిగెత్తా. తర్వాత ఏవి దేనివో తెలీలేదు, ఊహించి గుచ్చేశా. చెబితే పిల్లాణ్ని తేవద్దంటారని నోరు మూసుకున్నా."

ఒక పెట్టెలోవి ఆ బూడిద చారలవి; దక్షిణపు కొండ నుంచి వచ్చిన రెండో పెట్టెలోవి అన్నిచోట్లా ఉండే రకం. అందుకే ఎవరికీ తేడా తెలియలేదు. ఏడేళ్ల తర్వాత ఉత్తరపు కొండ అడవి కొట్టేశారు. 'ఈ జాతి దక్షిణాన కూడా ఉంది, కొట్టేయొచ్చు' అని అధికారులు రాసిచ్చిన కాగితం నేను చూశాను. దక్షిణాన మూడుసార్లు వెతికారు. ఒక్కటీ దొరకలేదు.

"ఇప్పుడు చెబితే నేను గుచ్చినవన్నీ అబద్ధమంటారేమోనే."

బూడిద చారల పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. పదకొండు చిమ్మటలు, అన్నీ ఒకవైపే చూస్తూ.

పాత చీటీ తీయకూడదన్నది మా నియమం. కొత్తది దాని కింద గుచ్చాలి. పెద్దమ్మ పదకొండు ముక్కలు కత్తిరించి చీమ తలకాయలంత అక్షరాలతో రాసింది: 'బహుశా ఉత్తరపు కొండ. చీటీలు కలిపేసింది నేనే.'

నేను దక్షిణపు చుక్క చెరిపేశాను. ఉత్తరాన, ఇప్పుడు లేదని గుర్తుగా, ఖాళీ సున్నా గీశాను. ఆ జాతికి పటం మీద మిగిలింది అదే.

మర్నాడు చేతినిండా చీటీలున్నప్పుడు ఇంటి నుంచి ఫోన్ మోగింది. నేను కదల్లేకపోయాను. పెద్దమ్మ లేచి వచ్చి దోసిలి పట్టింది.

"ఇలా ఇచ్చి మాట్లాడు. నేను పట్టుకుంటా."