బ్రెడ్డు బండిలో ఇరవై అంగుళాలు

సర్దుబాటు పిన్నికి ఈ లోకంలో పడనిది ఒకే ఒక్కటి: ఖాళీ. పామంటే భయపడేవాళ్లున్నారు, బల్లి అంటే కెవ్వుమనేవాళ్లున్నారు. పిన్నికి మాత్రం ఖాళీ డబ్బా కనబడితే చాలు, ఒళ్లు జలదరిస్తుంది. చేతికందిందేదో అందులో కూరేదాకా కుదురుగా నిలబడలేదు.

ఆవిడ ఇంట్లో కుక్కరులో మేజోళ్లుంటాయి, మేజోళ్లలో ఉల్లిపాయలుంటాయి. గొడుగు మడతల్లో కరెంటు బిల్లులుంటాయి. ఒకసారి గోడ గడియారం ఆగిపోతే, బాగుచేసేవాడు వెనక మూత విప్పాడు. లోపల్నుంచి రెండు సూదులు, ఒక దారపుకండె, నాలుగు చొక్కా గుండీలు రాలాయి.

"ఆగిపోవడం వింత కాదు పిన్నిగారూ, ఇన్నాళ్లూ నడవడమే వింత" అన్నాడతను.

అతను వెళ్లేటప్పుడు అతని పనిముట్ల సంచిలో అరడజను జామకాయలు పడ్డాయి. "అంత సంచి సగం ఖాళీగా మోసుకెళ్తావా నాయనా" అంది పిన్ని. ఆ ఇంటికి వట్టి చేతులతో వచ్చినవాళ్లున్నారు గాని, వట్టి చేతులతో వెళ్లినవాళ్లు లేరు.

ఇక వెనకగది సంగతి. అందులో ఒక మంచం ఉందన్న విషయం ఆ మంచానికి తప్ప ఎవరికీ తెలియదు. బొంతలు, బుట్టలు, పాత రేడియోలు కలిసి కప్పును మోస్తున్నట్టుండేవి. అయితే ఒక వానాకాలం పక్కింటి టైలరు ఇంటికప్పు కారిపోతే, అతను పెళ్లాం పిల్లలతో తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిన్ని లోపలికి వెళ్లి పది నిమిషాల్లో బయటికొచ్చి, "పడుకోండి" అంది. మంచమ్మీద ఉతికిన దుప్పటి, నాలుగు దిళ్లు! ఆ సామానంతా ఎటు మాయమైందో ఎవరికీ అంతుబట్టలేదు. వాళ్లు వెళ్లిన మధ్యాహ్నానికి గది మళ్లీ కప్పుదాకా నిండిపోయింది.

ఇదంతా ముప్పై ఏళ్లుగా చూస్తూ, ఒక్కసారి కూడా దాని గురించి ఆలోచించని మనిషి ఆవిడ భర్త. ముప్పై మూడేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు గనక వీధికంతా ఆయన డ్రైవరుగారు.

రిటైరైన ఆర్నెల్లకి డ్రైవరుగారు మూతపడిన బేకరీవాళ్ల బండి ఒకటి కొన్నాడు. దాన్ని పడగ్గదిలా మార్చి ఊళ్లు తిరగాలని కోరిక. ఎండెక్కితే ఆ బండి ఇప్పటికీ బన్ను వాసన వేస్తుంది. ఇంటిముందు ఆపిన మొదటి రోజే ముగ్గురొచ్చి తలుపు తట్టి బ్రెడ్డుందా అని అడిగారు. బండితోపాటు ఆరు చెక్క బ్రెడ్డు పెట్టెలు కూడా వచ్చాయి.

"వీటిని పారేద్దాం" అన్నాడాయన.

"పారేస్తే మీరూ వాటి వెనకే వెళ్లండి" అంది పిన్ని.

నిజానికి బండి కొన్నది ఆయన అక్కకోసం. తల్లి పోయినప్పుడు ఆయనకి ఏడేళ్లు. పెంచింది అక్కే. ముప్పై నాలుగేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసి, ఇప్పుడు రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటోంది. అందరూ నర్సక్క అంటారు. పోయిన ఏడాది ఆవిడ మాటల్లో మాటగా, "వార్డు గోడలు చూసీ చూసీ కళ్లు తెల్లబడ్డాయిరా. ఒక్కసారి, పొద్దున్నే కళ్లు తెరవగానే ఎదురుగా సముద్రం కనబడాలి" అంది. "నేను తీసుకెళ్తానక్కా" అనేశాడు తమ్ముడు.

అన్నాడు, బండి కొన్నాడు, అప్పుడు టేపు పెట్టి కొలిచాడు. లోపలి వెడల్పు అరవై నాలుగంగుళాలు. ఇద్దరికి పరుపు నలభై ఎనిమిది. మిగిలింది పదహారు. పదహారంగుళాల్లో మనిషి కాదుగదా, మనిషి గొడుగు పడుకోవడం కూడా కష్టమే.

నర్సక్క వచ్చి లోపలికి తొంగిచూసింది. చూడగానే లెక్క తెలిసిపోయింది. "మీరిద్దరూ వెళ్లిరండిరా. నాకో సీసాలో సముద్రం నీళ్లు పట్టుకురా చాలు. సీసా ఖాళీగా తెస్తే మీ ఆవిడ ఎలాగూ ఊరుకోదు" అని నవ్వింది. వెళ్తూ వెళ్తూ బండి గోడను అరచేత్తో రెండుసార్లు తట్టింది. ఆ దెబ్బలు రెండూ డ్రైవరుగారి గుండెకి తగిలాయి.

పెళ్లాంతో చెబుదామంటే నోరు రాదు. ముప్పై మూడేళ్లు ఎవరెవరినో ఎక్కించుకుని తిప్పాడు గాని, ఆవిణ్ణి ఎక్కడికీ తీసుకెళ్లింది లేదు. "వచ్చే సెలవుల్లో" అని దాటేసిన సెలవులు ఎన్నో. ఇప్పుడు తీరా బయల్దేరబోతూ "మూడో మనిషి" అంటే ఏం బావుంటుంది? పైగా అంగుళం ఖాళీ భరించలేని మనిషిని మనిషంత ఖాళీ అడగడం ఎలా?

ఈ మథనంలో ఆయనుండగానే పరుపుల ఎంపిక మొదలైంది. పరుపుల కొట్టాయన మొదట దూది పరుపు తీశాడు. పిన్ని దాన్ని మడతపెట్టబోతే, అదే ఆవిణ్ణి మడతపెట్టింది. కొబ్బరిపీచుది అసలు వంగనేలేదు. అప్పుడాయన గాలి పరుపు తెచ్చాడు.

"పనైపోయాక గాలి తీసేస్తే చేతిసంచిలో పడుతుందమ్మా. బళ్లలో తిరిగేవాళ్లు ఎక్కువగా ఇదే కొంటారు."

"లోపల ఏముంటుంది?"

"గాలి."

"గాలి కాక?"

"ఇంకేమీ ఉండదమ్మా."

పిన్ని మొహం పాలిపోయింది. "ఆరడుగుల పొడుగు, ఇంత వెడల్పు, లోపల ఏమీ లేకుండానా! పోనీ, ఆ మూతలోంచి రెండు తువ్వాళ్లు దూరతాయా?"

"అది గాలి ఊదే మూతమ్మా!"

సరే, పడుకుని చూడమన్నాడు. డ్రైవరుగారు ఒక కొసన కూర్చున్నాడు, రెండో కొసనున్న పిన్ని పైకి లేచింది. ఆయన లేచాడు, ఆవిడ నేలకి తగిలింది.

"వద్దు బాబూ. ఈయన మంచినీళ్లకి లేచినప్పుడల్లా నేను భూమ్మీద పడాలి" అని ఆవిడ తేల్చేసింది.

చివరికి స్పాంజి పరుపు కుదిరింది. మూడు ముక్కలుగా కోసి, గుడ్డతో కలిపి కుట్టిస్తే పగలు మడిచి సోఫాలా కూర్చోవచ్చు, రాత్రి పరిచి పడుకోవచ్చు. మిగతా బుర్రంతా పిన్నిదే. దిళ్లు కొనక్కర్లేదు, గలేబుల్లో బట్టలు మడిచిపెడితే అవే దిళ్లు. కప్పుకునే దుప్పట్లు పగలు చుట్టి కవర్లో పెడితే ఆనుకునే బాలీసులు. పరుపు పక్కల పొడుగునా జేబులు: కళ్లజోడుకొకటి, టార్చికొకటి, దువ్వెనకొకటి. కింది దుప్పటిని పరుపుకే బిగించి కుట్టించింది. డ్రైవరుగారు నిద్రలో కూడా మలుపులు తిప్పే రకం, మామూలుగా పరిచిన దుప్పటి తెల్లారేసరికి ఆయన మెడలో ఉంటుంది.

కొట్టాయన నలభై ఎనిమిదికి గీత గీసి కత్తి పట్టుకున్నాడు.

"రెండంగుళాలు తగ్గించండి" అంది పిన్ని.

"నలభై ఆరా? నా భుజం ఎక్కడ పెట్టుకోనోయ్?" అన్నాడు డ్రైవరుగారు.

"ఇంట్లో ఎక్కడ పెడుతున్నారో అక్కడే. ఆరడుగుల మంచమ్మీద కూడా నన్ను గోడకి నొక్కేగా పడుకుంటారు! ఇంకో రెండు తగ్గించండి."

"అమ్మా, ఇంకా కోస్తే దీన్ని పరుపనరు, బెల్టంటారు" అని కొట్టాయన కత్తి కింద పెట్టేశాడు. చివరికి నలభై నాలుగు దగ్గర సంధి కుదిరింది. వచ్చేస్తుంటే ఆయన వెనకనుంచి, "మరి ఆ గట్టి ముక్క..." అన్నాడు. "తర్వాతొస్తా" అని పిన్ని మొగుడి చెయ్యి పట్టుకుని గబగబా లాక్కొచ్చేసింది.

అయితే డ్రైవరుగారి చెవికి అదేమీ ఎక్కలేదు. ఆయన మనసు లెక్కల్లో ఉంది. అరవై నాలుగులో నలభై నాలుగు పోతే ఇరవై! అక్క అసలే సన్నం. ఒత్తిగిలి పడుకుంటే... ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం బండి తలుపు తీసేసరికి ఆ ఇరవై అంగుళాల్లో బకెట్టు కూర్చునుంది. బకెట్లో చెంబులు, చెంబుల్లో కొవ్వొత్తులు.

ఆయన చప్పుడు చెయ్యకుండా బకెట్టు తీసి ఇంట్లో పెట్టేశాడు. మర్నాడు ఆ చోట్లో ఆరు బ్రెడ్డు పెట్టెలు వరసగా వెలిశాయి. వాటినిండా గిన్నెలు, తాళ్లు, సబ్బులు. ఆ పైన బకెట్టు. ఆయన తన పనిముట్ల పెట్టె పట్టుకొచ్చి, "దీన్నక్కడ పెడతా" అని చూశాడు. తన పెట్టె అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చని ఆయన ఎత్తు.

"అక్కడ చోటు లేదు. మీ సీటు కింద పెట్టుకోండి" అంది పిన్ని, ఆ పక్కనే ఇంకో బుట్ట దూరుస్తూ.

చివరికి ధైర్యం కూడగట్టుకున్నాడు.

"ఏమోయ్, ఆ పక్క కాస్త ఖాళీగా ఉంచితే..."

"ఖాళీగానా? ఎందుకూ?"

"గాలి ఆడుతుందని."

"కిటికీలున్నాయిగా."

"ఆ. ఉన్నాయిలే."

అరవైమందిని ఎక్కించుకుని కొండమలుపులు తిరిగిన మనిషి ఒక్క వాక్యం దగ్గర బ్రేకు వేసేశాడు. ప్రయాణం ముందురోజుకి ఒక త్యాగం కూడా ఆలోచించాడు. నేను ఆగిపోతాను, నువ్వూ అక్కా వెళ్లిరండి అనేస్తే సరి! ఇలా అనుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత, మరి బండెవరు నడుపుతారన్న ప్రశ్న వచ్చి ఆ త్యాగం అక్కడే ఆగిపోయింది.

బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే, జరిగేది జరగనీ, ఆ సామానంతా దించేసి తర్వాత తిట్లు తిందామని వెళ్లి తలుపు తీశాడు.

తీసి, అలాగే నిలబడిపోయాడు.

బకెట్టు లేదు. బుట్టల్లేవు. ఆరు పెట్టెలూ ఒకే ఎత్తులో వరసగా, మూతలు వేసి, నున్నగా ఉన్నాయి. వాటిమీద ఏమీ లేదు. ఆరడుగుల పొడుగు, ఇరవై అంగుళాల వెడల్పు, అచ్చమైన ఖాళీ. ముప్పై ఏళ్ల కాపరంలో మొదటిసారి.

ఆయన ఇంట్లోకి పరుగెత్తి పిన్ని నుదుటిమీద చెయ్యిపెట్టాడు. "ఒంట్లో ఎలా ఉంది? కళ్లు తిరుగుతున్నాయా? అక్కని పిలుచుకురానా?"

"పిలుచుకురండి. ఎలాగూ ఆవిడ వస్తేగాని బయల్దేరేది లేదు" అంది పిన్ని.

నర్సక్క మందుల సంచీ, జ్వరం చూసే గొట్టం పట్టుకుని పరుగున వచ్చింది. వచ్చేసరికి పిన్ని బండిలో ఉంది. ఒక పొడుగాటి చుట్ట విప్పి, బ్రెడ్డు పెట్టెలమీద పరుస్తోంది. అదీ పరుపే. ఇరవై అంగుళాలది.

"పడుకోండి వదినా."

"నేనా? జ్వరం నీకని చెప్పాడే వీడు! అయినా నాకు మెత్తటి పరుపు పడదమ్మా."

"తెలుసు. అందుకే గట్టిది చేయించాను. ముప్పై నాలుగేళ్లు వార్డు బల్లమీద కునుకు తీసిన నడుం మీది. ఇంట్లో అంత మంచముండి కూడా అంచునే పడుకుంటారు. ఎన్నిసార్లు చూశానో! ఆ బల్ల వెడల్పు ఆస్పత్రికెళ్లి కొలుచుకొచ్చాను. సరిగ్గా ఇరవై."

డ్రైవరుగారి నోరు తెరుచుకుంది. "మరి... ఇన్నాళ్లూ అక్కడ ఆ బకెట్లూ బుట్టలూ..."

"మరేం చెయ్యమంటారు? ఖాళీగా వదిలేస్తే మీ పనిముట్ల పెట్టె వచ్చి కూర్చోదూ? పరుపు రెండు రోజుల్లో ఇస్తానన్న పెద్దమనిషి పదిహేను రోజులు చేశాడు. అందాకా బస్సులో సీటుమీద రుమాలు వేసినట్టు వేసి ఉంచాను. బస్సు నడిపినవారు, ఆ మాత్రం తెలియదా?"

తెలియలేదు. కాని ఇప్పుడు ఆయనకి వెనకగది మంచం, వానలో తడిసొచ్చిన టైలరు, ఉతికిన దుప్పటి, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే వదిన వారం రోజులు వద్దు వద్దంటుంది. ఇప్పుడైతే బండిలో ఉంది. ఆవిడ సీసాలో సముద్రం అడగడం నా చెవినా పడింది. అయినా మీరు మాత్రం చెప్పారా? గాలి ఆడాలట, గాలి!"

నర్సక్క అప్పటికే పెట్టెలమీద ఒత్తిగిలి ఒరిగి, కాళ్లు ముడుచుకుని చూస్తోంది. "సరిపోయిందే పిల్లా" అంది. అంతలోనే, "కాని ఇలా ఉన్నపళంగా ఎలా వస్తాను? బట్టలైనా తెచ్చుకోవద్దూ" అంది.

"తలకింద పెట్టుకున్నవి అవే వదినా. మొన్న మీ చాకలి దగ్గర్నుంచి పట్టుకొచ్చాను."

నర్సక్క దిండు తడిమి చూసుకుంది. ఎండ ఎక్కుతోంది, బండినిండా బన్ను వాసన కమ్ముకుంటోంది. రెండు నిమిషాల్లో ఆవిడ గురక మొదలైంది.

ఎవరో వచ్చి తలుపు తట్టారు. "బ్రెడ్డుందా అండీ?"

"ఉష్! అయిపోయింది. బండి నిండిపోయింది" అన్నాడు డ్రైవరుగారు.

ఆయన వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పిన్ని ఇంటికి తాళం వెయ్యడానికి వెళ్లింది. పక్కసీటు ఖాళీగా ఉంది. ఆయన దానివంక కాసేపు చూసి, జేబులోంచి రుమాలు తీసి, ఆ సీటుమీద పరిచాడు. రుమాలు మడతలోంచి రెండు టార్చి బ్యాటరీలు, ఒక ఉల్లిపాయ దొర్లి కింద పడ్డాయి.