బాపు కారు, అమ్మ ఊపిరి

రెండు వేల సంవత్సరం దాటాక మా బాపు ఒక పాత కారు కొన్నాడు. అప్పటికే అది భూమిని నాలుగైదు సార్లు చుట్టి, విసుగొచ్చి, శాలిబండలో మా గల్లీకొచ్చి ఆగింది. పాలు అమ్ముకునే ఇంటికి కారెందుకని మా బర్రెలే నవ్వాయి. కారణం అమ్మ ఆయాసం. ప్రతి శుక్రవారం ఆమె బహదూర్‌పురాలో చెల్లెలింటికి పోవాలి. బస్సు మెట్టెక్కితే చాలు, ఛాతీలో నలభై పిల్లనగ్రోవులు ఒక్కసారే మోగేవి.

మూడేళ్ళు బాగానే తిప్పాడు. ఆ తర్వాత కారుకే ఆయాసం పట్టుకుంది. కాస్త ఎత్తు వస్తే చాలు, వెనకొచ్చే మేక మమ్మల్ని దాటి, ఆగి, జాలిగా చూసి మరీ పోయేది. దానికితోడు కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ఒక శుక్రవారం సగం దారిలో అమ్మ దగ్గుతూ, "ఆపు. నేను నడిచే పోత. ఇగ ఈ కారెక్క" అని దిగిపోయింది.

ఆ రోజు బాపు మూడో ముద్దకే కంచం ముందు నుంచి లేచాడు. మామూలుగా ముప్పయ్యో ముద్దకు మజ్జిగ అడిగే మనిషి.

మెకానిక్ భాయ్ కారు కిందికి దూరి, స్పానర్‌తో తట్టి చూశాడు.

"కన్వర్టర్ జామైంది చాచా."

సైలెన్సర్ గొట్టం మధ్యలో ఉండే ఇనుప డబ్బా అది. లోపల తేనెపట్టులాంటి జాలీ ఉండి, పొగలోని విషాన్ని విరుస్తుందట.

"ఫికర్ వద్దు. జాలీ పొడిచి పారేసి, ఖాళీ డబ్బ వెల్డింగ్ కొడ్త. గుర్రం లెక్క ఉర్కుతది. అందరికి గట్లనే చేస్తున్న."

"మరి పొగ?"

"ఎనకంగ పోతది చాచా. మీకేంది?"

"ఎనక ఉన్నోళ్ళు గూడ ఊపిరి తీస్కోవాలె గద భాయ్. ముందుగాల కడిగి చూస్త, ఇప్పి ఇయ్యి."

కంపు కొట్టేది ఏదైనా సరే, మా ఇంట్లో మందు ఒక్కటే: పాల క్యాన్లకు చేసే స్నానం. బాపు డబ్బాను మరిగే బట్టల సోడా నీళ్ళలో ముంచాడు. ఆపైన మూడు రోజులు చింతపండు రసంలో నానబెట్టాడు. ఆ రసంతో నగరమంతటికీ వారం రోజులు పచ్చిపులుసు చేయొచ్చు. నాలుగో రోజు ఎండబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంది. లోపలి జాలీ ముక్కలైపోయింది.

"పాల క్యాన్ కాదుర ఇది" అన్నాడు నాతో, మెల్లగా. నా నాలుక మీద అప్పటికే పదహారు జోకులు సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మింగేసి, ఆ చింతపండు రసం కాలువలో పారబోశాను.

అంతలో అమ్మ ఖాళీ జాడీతో వచ్చింది.

"చింతపండంత ఏంజేసినవయ్యా?"

"నీకోసమేనే."

"నాకోసమైతే చారు కాయాలె గని, ఇనుము ఉడకబెడ్తరా?"

అంటూనే ఆయన చేతులు చూసింది. సోడాకు వేళ్ళు పగిలి ఎర్రబడ్డాయి. అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి, ఒక్కో వేలికి కొబ్బరినూనె రాసింది.

"ఖాళీ డబ్బనే పెట్టియ్యి. అద్దం దించుకొని కూసుంట తియ్యి."

"వద్దు" అన్నాడు బాపు. అమ్మ మాట ఆయన కాదనడం నేను చూడటం అదే మొదలు.

పాత డబ్బాను సంచిలో వేసుకుని, పసిపిల్లను మోసినట్టు మోస్తూ, అఫ్జల్‌గంజ్ నుంచి మొదలుపెట్టి ఊళ్ళో స్పేర్ పార్ట్స్ దుకాణాలన్నీ తిరిగాడు. పదిహేనో రోజున మా కారుకు సరిపోయే కొత్తది దొరికింది. భాయ్ గొణుగుతూనే బిగించాడు.

శుక్రవారం వచ్చింది. అమ్మ ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. కారు ఎత్తు ఎక్కింది; ఏ మేకా దాటలేదు. బాపు మాత్రం రోడ్డును వదిలేసి ఆమె ఛాతీ చప్పుడే వింటున్నాడు. ప్రతి మలుపులో అదే ప్రశ్న, "ఎట్లుందే?"

బహదూర్‌పురా చేరేసరికి అమ్మకు విసుగొచ్చింది.

"నేను మంచిగనే తీస్కుంటున్న. శాలిబండల ఎక్కినప్పటి నుంచి నువ్వే ఊపిరి బిగవట్టుకొని కూసున్నవు. ఇడువు ఇగ!"

బాపు విడిచాడు. ముందు అద్దం మీద ఆవిరి కమ్ముకుంది.